మోటారు కంట్రోల్ నేర్చుకోవాలంటే: కరెంటు ఎందాకా వచ్చిందో చూడండి

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కొత్తగా చేరిన రోజులు. రాత్రి షిఫ్టులో వడ్లు పైకెత్తే బకెట్ ఎలివేటర్ మోటారు స్టార్ట్ కాలేదు, పచ్చ బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే, విడదీసే అయస్కాంత స్విచ్చు) లోపలి కాయిల్ కాలిపోయిందనుకుని కాయిల్ మార్చాను. ఫలితం లేదు. ఏకంగా కాంటాక్టరే మార్చేశాను. అయినా అంతే. గంటన్నర గడిచిపోయింది, బయట వడ్ల లారీలు నిలబడి ఉన్నాయి, సూపర్‌వైజర్ రెండుసార్లు వచ్చి ఏమీ అనకుండా చూసి వెళ్లాడు, తిట్టినా అంత టెన్షన్ వచ్చేది కాదు. చివరికి పెద్ద మేస్త్రిని నిద్ర లేపి తీసుకొచ్చారు. ఆయన లుంగీతోనే వచ్చి ఒకే మాట అడిగాడు: "కరెంటు ఎందాకా వచ్చిందిరా?"

నేను చూడలేదు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆయన మీటరు తీసుకుని నాలుగు చోట్ల పెట్టి, ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) మీద 95 అని రాసి ఉన్న స్క్రూ విప్పాడు. వైరు చివర సరిగా ఒలవకపోవడంతో స్క్రూ రాగి మీద కాకుండా పై తొడుగు మీద బిగుసుకుని ఉంది. ఇన్నాళ్లూ అంటీ అంటనట్టు పని చేసి, మిల్లు అదురుకి ఆ రాత్రి వదిలేసింది. బాగుచేయడానికి రెండు నిమిషాలు పట్టింది.

మోటారు కంట్రోల్ నేర్చుకోవడం ఎలా అని అడిగే తమ్ముళ్లకి నేను చెప్పేది ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఐటీఐలో రెండేళ్లు చదివి డ్రాయింగులు బట్టీ పట్టినవాళ్లు కూడా ప్యానెల్ తలుపు తీయగానే బిగుసుకుపోతారు, ఎందుకంటే వాళ్లకి బొమ్మ గుర్తుంది గానీ ఆ బొమ్మలో కరెంటు నడిచే దారి గుర్తు లేదు.

ముందు ఒక బోర్డు కట్టుకోండి

వీడియోలు చూస్తే చేతికి పని రాదు. ఇంట్లో రెండడుగుల ప్లైవుడ్ ముక్క మీద ఒక చిన్న బోర్డు కట్టుకోండి. కావాల్సినవి: 230 వోల్టుల కాయిల్ ఉన్న 9 ఆంపియర్ల కాంటాక్టర్ ఒకటి, దానికి సరిపోయే ఓవర్‌లోడ్ రిలే, ఎర్ర బటన్ ఒకటి, పచ్చ బటన్ ఒకటి, ఒక ఎంసీబీ, మూడు బల్బు హోల్డర్లు, కొంచెం వైరు. మోటారు అక్కర్లేదు, మూడు ఫేజుల సప్లై కూడా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న సింగిల్ ఫేజునే కాంటాక్టర్ మూడు పోల్స్‌కీ (మెయిన్ కాంటాక్టులకీ) ఇచ్చి, కింద మూడు బల్బులు పెడితే, అవే మీ మోటారు. హైదరాబాద్ వాళ్లయితే ట్రూప్ బజార్‌లో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పాత ప్యానెళ్లలోంచి తీసిన సెకండ్ హ్యాండ్ కాంటాక్టర్లు నేర్చుకోవడానికి చక్కగా పనికొస్తాయి, కొనేముందు కాయిల్ మీద వోల్టేజి ఎంతో చదవండి. బోర్డు సప్లైకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై తెంపేది) తప్పకుండా పెట్టండి, ఇందులో పొదుపు వద్దు.

వైరు మార్చాలంటే ప్రతిసారీ ఎంసీబీ ఆఫ్ చేసి, మీటరుతో చూసి, అప్పుడే ముట్టుకోవాలి. మీటరు చూపించే సున్నాని కూడా నమ్మేయకండి. ముందు కరెంటు ఉన్నచోట పెట్టి మీటరు బాగుందని చూడండి, తర్వాత పని చేసే చోట చూడండి, మళ్లీ కరెంటు ఉన్నచోట చూడండి. ఈ అలవాటు బోర్డు మీదే పడితే ఫ్యాక్టరీలో ప్రాణం కాపాడుతుంది. అక్కడ ఇంకో గొడవ ఉంటుంది: ప్యానెల్ మెయిన్ ఆఫ్ చేసినా పక్క ప్యానెల్ నుంచి ఇంటర్‌లాక్ (ఒకటి నడుస్తుంటే ఇంకోటి లేవకుండా ఆపే ఏర్పాటు) కోసం వచ్చిన వైర్లలో కరెంటు ఉంటుంది. "మెయిన్ తీసేశా కదా" అన్న ధైర్యంతో చెయ్యి పెట్టి దెబ్బ తిన్నవాళ్లని చూశాను. మెయిన్‌కి తాళం వేసి, తాళం చెవి మీ జేబులోనే పెట్టుకోండి.

డీఓఎల్: ఇది వస్తే సగం వచ్చినట్టే

పల్లెటూళ్లో పెరిగినవాళ్లు బోరు దగ్గర స్టార్టర్ డబ్బా చూడకుండా పెరగలేదు. పచ్చ బటన్ నొక్కగానే టక్కున పట్టుకునే ఆ డబ్బాయే డైరెక్ట్ ఆన్ లైన్ స్టార్టర్, డీఓఎల్. అందులో రెండు దారులున్నాయి. ఒకటి లావు వైర్ల దారి: మూడు ఫేజులూ కాంటాక్టర్ మీద 1, 3, 5లోకి వచ్చి 2, 4, 6లోంచి బయటికొచ్చి, ఓవర్‌లోడ్ గుండా మోటారుకి పోతాయి. ఇది పవర్. రెండోది సన్న వైర్ల దారి, కాయిల్‌ని పట్టించడానికి మాత్రమే. ఇది కంట్రోల్. ఈ రెండిటినీ ఒకే బొమ్మలో గీయొద్దు. వేరువేరు కాగితాల మీద గీయండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

కంట్రోల్ దారిని వేలు పెట్టి నడవండి. ఫేజు నుంచి ఎంసీబీ, అక్కడి నుంచి ఓవర్‌లోడ్ 95లోకి వెళ్లి 96లో బయటికి, ఎర్ర బటన్, పచ్చ బటన్, కాయిల్ ఒక చివర ఏ1, రెండో చివర ఏ2, న్యూట్రల్. అంతే. ఎర్ర బటన్ మామూలుగా మూసి ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది, దాన్నే ఎన్‌సీ అంటాం. పచ్చది మామూలుగా తెరిచి ఉంటుంది, నొక్కితే మూసుకుంటుంది, ఎన్ఓ. పచ్చ నొక్కితే దారి పూర్తయి కాయిల్ పట్టుకుంటుంది, వదిలేస్తే దారి తెగి విడిచిపెడుతుంది. మరి మోటారు ఆగకుండా తిరుగుతోంది కదా, ఎలా? కాంటాక్టర్ పక్కన 13, 14 అని ఇంకో ఎన్ఓ ఉంటుంది, దాని రెండు చివరల్నీ పచ్చ బటన్ రెండు చివరలకీ కలుపుతాం. కాయిల్ పట్టుకోగానే అది కూడా మూసుకుని, బటన్ చేసే పనిని తను చేస్తుంది. దీన్నే హోల్డింగ్ అంటాం.

ఇప్పుడు కావాలనే పాడుచేయండి. 13 దగ్గర వైరు తీసేసి పచ్చ నొక్కండి, నొక్కినంతసేపే బల్బులు వెలుగుతాయి. ఫ్యాక్టరీలో "బటన్ వదిలితే ఆగిపోతోందన్నా" అని ఎవరైనా అంటే ఇక మీకు అర్థమైపోతుంది. తర్వాత హోల్డింగ్ వైరుని ఎర్ర బటన్ తర్వాత కాకుండా ముందు నుంచి తీసుకోండి. స్టార్ట్ అవుతుంది, ఎర్ర బటన్ ఎంత నొక్కినా ఆగదు. బోర్డు మీద నవ్వొస్తుంది, కన్వేయర్ మీద రాదు. ఓవర్‌లోడ్ మీద చిన్న టెస్ట్ మీట ఉంటుంది, అది నొక్కితే 95-96 తెరుచుకుని అంతా ఆగిపోతుంది, రీసెట్ చేసేదాకా పచ్చ బటన్ పని చేయదు. దాని మీదే ఉన్న ఇంకో కాంటాక్టు 97-98 మాత్రం అదే సమయంలో మూసుకుంటుంది, ట్రిప్ లైటు దానికి కట్టండి.

స్టాప్‌కి ఎన్‌సీ ఎందుకు, ఎన్ఓ పెట్టి కూడా ఆపొచ్చు కదా అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. స్టాప్ వైరు ఎలక కొరికేసిందనుకోండి: ఎన్‌సీ అయితే మోటారు వెంటనే ఆగుతుంది. ఎన్ఓ అయితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఎవరి చెయ్యో బెల్టులో పడ్డాక స్టాప్ నొక్కితే పని చేయదు. ఎమర్జెన్సీ స్టాప్ కూడా ఇందుకే ఎన్‌సీ.

హోల్డింగ్‌కి ఇంకో గుణముంది. కరెంటు పోయి వస్తే మోటారు తనంతట తాను తిరగదు, మళ్లీ ఎవరో ఒకరు నొక్కాలి. పొలాల్లో ఆటో స్టార్టర్లు పెట్టి ఈ గుణాన్నే పోగొట్టారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలుపెట్టేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు, కారణం నీళ్లు వృథా కావడం, మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే లోడు పడటం. ఫ్యాక్టరీలో అయితే కారణం ఇంకా సూటిగా ఉంటుంది: కరెంటు లేదు కదా అని మిషన్లో చెయ్యి పెట్టినవాడు లోపలే ఉంటాడు.

బోరు డబ్బా విప్పి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది, అందులో న్యూట్రల్ ఉండదు. కాయిల్ 415 వోల్టులది, రెండు ఫేజుల మధ్య కడతారు. 230 కాయిల్ తెచ్చి అక్కడ పెడితే నిమిషాల్లో పొగ. కాయిల్ కొనేటప్పుడు పాతదాని మీద రాసింది చూసుకోవడం అందుకే.

ఓవర్‌లోడ్ సెట్టింగు

ఓవర్‌లోడ్ ఊరికే ట్రిప్ కొడుతోందని డయల్‌ని చివరిదాకా తిప్పేసి వెళ్లిపోవడం మనవాళ్లలో ఉన్న రోగం. రిలేని తిట్టే ముందు మోటారు నేమ్ ప్లేటు చదవండి, అక్కడ ఆంపియర్లు రాసి ఉంటాయి, డయల్ అక్కడే ఉండాలి. ప్లేటు చెరిగిపోతే 415 వోల్టుల దగ్గర హెచ్‌పీకి సుమారు 1.4 నుంచి 1.5 ఆంపియర్లు అన్న లెక్క దారి చూపిస్తుంది, 5 హెచ్‌పీకి ఏడు ఏడున్నర, 10 హెచ్‌పీకి 14. తర్వాత క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి మూడు ఫేజులూ చూడండి. మూడూ దాదాపు సమానంగా ఉండి, అన్నీ ప్లేటు కంటే ఎక్కువుంటే లోడు ఎక్కువైంది, లేదా బేరింగు పట్టేసింది. ఒకటి సున్నా చూపించి మిగతా రెండూ పెరిగితే అది సింగిల్ ఫేజింగు. తిరుగుతున్న మోటారుకి ఒక ఫేజు పోతే ఆగదు, గుయ్యిమని మూలుగుతూ అదే లోడుని లాగుతుంది, మిగిలిన ఫేజుల్లో కరెంటు సుమారు 1.7 రెట్లు అవుతుంది. డయల్ చివరిదాకా తిప్పి ఉంటే రిలే చూస్తూ ఊరుకుంటుంది, మీరు వైండింగు షాపుకి మోటారు మోసుకెళ్తారు.

కాంటాక్టర్ మీద రెండు రేటింగులు ఉంటాయి, ఏసీ-1 అని ఒకటి, ఏసీ-3 అని ఒకటి. మోటారుకి చూడాల్సింది ఏసీ-3. 9 ఆంపియర్ల కాంటాక్టర్ మీదే ఏసీ-1 కింద 20కి పైన అంకె కనిపిస్తుంది, అది హీటర్ల లాంటి లోడుకి. మోటారు అలా కాదు, డీఓఎల్‌లో స్టార్టింగులో ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది.

ఫార్వర్డ్-రివర్స్ గురించి తక్కువే చెప్పాలి. రెండు కాంటాక్టర్లు, రెండోదానిలో రెండు ఫేజులు అటూ ఇటూ మారతాయి. రెండూ ఒకేసారి పట్టుకుంటే ఫేజుకి ఫేజు షార్టు. కాబట్టి ఒకదాని ఎన్‌సీ, 21-22, రెండోదాని కాయిల్ దారిలో పెట్టాలి, దానిది దీనిలో. దీంతో పాటు రెండిటి మధ్యా మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా బిగించండి, ఎందుకంటే కాంటాక్టు అతుక్కుపోతే కాయిల్ విడిచిపెట్టినా లోపల మూసే ఉండొచ్చు. బోర్డు మీద రెండో కాంటాక్టర్ పెట్టి ఇది చేసి చూడండి, ఒక పూట పని.

స్టార్ డెల్టా, ఇక్కడే తప్పులన్నీ

డీఓఎల్‌తో లేపితే సప్లై తట్టుకోదు అనుకున్న పెద్ద మోటార్లకి స్టార్ డెల్టా పెడతారు. ముందు స్టార్‌లో (మూడు వైండింగుల ఒక్కో చివరని ఒకేచోట కలిపి) లేపి, వేగం వచ్చాక డెల్టాకి (వైండింగులని గొలుసులా ఒకదాని చివర ఇంకోదానికి కలిపి) మారుస్తారు. మూడు కాంటాక్టర్లు: మెయిన్, స్టార్, డెల్టా, ఒక టైమర్. మోటారుకి ఆరు వైర్లు వెళ్తాయి. స్టార్‌లో లైను నుంచి లాగే కరెంటు మూడో వంతుకి తగ్గుతుంది, తిప్పే బలం కూడా మూడో వంతే. ఆ రెండో సగం చాలామంది మర్చిపోతారు. ఎలివేటర్ నడుస్తూ కరెంటు పోతే బకెట్ల నిండా వడ్లు ఉండిపోతాయి, తిరిగి స్టార్‌లో లేపితే లేవదు. మోటారు తప్పు కాదు, కింద బూటు (ఎలివేటర్ అడుగు పెట్టె) తలుపు తీసి వడ్లు లాగి అప్పుడు లేపాలి.

మోటారు టెర్మినల్ బాక్సు తెరిచి ఒకసారి తీరిగ్గా చూడండి. కింది వరసలో మూడు వైండింగుల మొదటి చివరలు యూ1, వీ1, డబ్ల్యూ1. పై వరసలో వాటి జతలు వరసగా ఉండవు, యూ1 మీద డబ్ల్యూ2, వీ1 మీద యూ2, డబ్ల్యూ1 మీద వీ2 ఉంటాయి. ఎందుకలా పెట్టారంటే, నిలువుగా పట్టీలు బిగిస్తే డెల్టా, పై మూడిటినీ అడ్డంగా కలిపితే స్టార్. ఈ బాక్సు గుర్తుంటే డెల్టా కనెక్షన్ బట్టీ పట్టక్కర్లేదు. స్టార్ డెల్టా స్టార్టర్ కట్టేటప్పుడు ఆ పట్టీలు మొత్తం తీసేయాలి. నిలువు పట్టీలు ఉంచేసి స్టార్ కాంటాక్టర్ వేశారంటే మూడు ఫేజులూ నేరుగా షార్టు అవుతాయి.

నేను చేసిన తప్పు వేరు. యూ1 ఏ ఫేజు మీద ఉందో డెల్టా కాంటాక్టర్‌లో యూ2 కూడా అదే ఫేజుకి కట్టాను, మిగతా రెండూ అంతే. స్టార్‌లో మోటారు చక్కగా లేచింది. టైమర్ మారింది, డెల్టా టక్కున పట్టుకుంది, శబ్దం లేదు పొగ లేదు, మోటారు మెల్లమెల్లగా నెమ్మదించి ఆగిపోయింది. ఆమ్‌మీటరు సున్నా. అరగంట తల గోక్కున్నాను. వైండింగు రెండు చివరలూ ఒకే ఫేజు మీద ఉంటే దాని మీద వోల్టేజే ఉండదు కదా, తిరగడానికి ఏముంది. ఇప్పుడు ఎవరి ప్యానెల్ అయినా "స్టార్‌లో బాగుంది, డెల్టాలో ఆగిపోతోంది, ఏదీ ట్రిప్ కాలేదు" అంటే ఫోన్లోనే చెప్పేస్తాను.

ఇందులో ఓవర్‌లోడ్ ఎక్కడ పెట్టారో చూడకుండా సెట్ చేయొద్దు. మెయిన్ కాంటాక్టర్ కింద, యూ1 వీ1 డబ్ల్యూ1కి వెళ్లే దారిలో ఉంటే అందులో నడిచేది వైండింగు కరెంటు మాత్రమే, ప్లేటు మీది ఆంపియర్లని 0.58తో హెచ్చించి పెట్టాలి. 14 ఆంపియర్ల మోటారుకి 8 చాలు. మెయిన్, డెల్టా విడిపోకముందే లైన్లో ఉంటే మొత్తం 14 పెట్టాలి. టైమర్‌కి ఇన్ని సెకన్లు అని కచ్చితమైన లెక్క లేదు. ఆమ్‌మీటరు ముల్లు మీద కన్నేసి, చెవి మోటారు మీద పెట్టండి. వేగం దాదాపు నిండి ముల్లు దిగి నిలబడ్డాక మారాలి. ముందే మారితే డెల్టాలో మళ్లీ ఎగురుతుంది, స్టార్ డెల్టా పెట్టి లాభం లేదు. స్టార్ విడిచిపెట్టాక డెల్టా పట్టుకోడానికి మధ్యలో చిన్న విరామం ఇచ్చే స్టార్ డెల్టా టైమర్‌నే కొనండి, మామూలు ఆన్ డిలే టైమర్‌తో సరిపెట్టొద్దు. ఇంకోటి, నేమ్ ప్లేటు మీద డెల్టా 415 అని ఉంటేనే ఇదంతా. చిన్న మోటార్లు చాలావరకు స్టార్‌లోనే 415కి చేసినవి, వాటిని డెల్టాలో వేస్తే కాలిపోతాయి.

తప్పు వెతకడం

మళ్లీ పెద్ద మేస్త్రి ప్రశ్న దగ్గరికి. మీటరు నల్ల పిన్ను న్యూట్రల్ బార్ మీద పెట్టండి, ఎర్ర పిన్నుతో దారి వెంట నడవండి: ఎంసీబీ కింద 230 ఉందా, 95 మీద, 96 మీద, ఎర్ర బటన్ ముందు, తర్వాత. పచ్చ బటన్ తర్వాత చూడాలంటే పక్కవాణ్ని నొక్కి పట్టమనండి. 230 ఉన్న చివరి చోటుకీ లేని మొదటి చోటుకీ మధ్యే తప్పుంది. ఏ1 దాకా 230 వచ్చినా కాయిల్ పట్టుకోకపోతే ఏ1, ఏ2ల మధ్య చూడండి. అక్కడ 230 ఉంటే కాయిల్ పోయింది. అక్కడ ఏమీ లేకపోతే న్యూట్రల్ తెగింది, అప్పుడు ఏ2 మీద కూడా న్యూట్రల్ బార్‌తో చూస్తే 230 కనిపిస్తుంది, కంగారుపడకండి, అది కాయిల్ గుండా వచ్చిన ఫేజే.

డిజిటల్ మీటరు ఒక్కోసారి తెగిపోయిన వైరు మీద కూడా 60, 80 వోల్టులు చూపిస్తుంది, పక్క వైర్ల నుంచి వచ్చే దొంగ వోల్టేజి అది. మీటర్లో లో-జెడ్ మోడు (మీటరు కొంచెం కరెంటు లాగి చూసేది) ఉంటే దానితో చూడండి, మాయమైపోతుంది. కాంటాక్టర్ గరగరమంటుంటే ముందు కాయిల్ మీద వోల్టేజి చూడండి, తక్కువుంటే కారణం అదే. వోల్టేజి బాగుంటే విప్పి అయస్కాంతం ముఖాలు తుడవండి, మిల్లుల్లో తవుడు పొడి పేరుకుని అవి సరిగా అతుక్కోవు.

వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు), పీఎల్‌సీలు (ప్రోగ్రామ్‌తో నడిచే కంట్రోలర్లు) ఇవన్నీ చేతికొచ్చాక. డ్రైవ్‌లో ముందు ఎక్కించాల్సింది నేమ్ ప్లేటు మీది వోల్టేజి, ఆంపియర్లు, హెర్ట్‌జ్, ఆర్‌పీఎం. సప్లై తీసేశాక కూడా లోపల కెపాసిటర్లలో సుమారు 580 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది, మూత మీద ఎన్ని నిమిషాలు ఆగమని రాశారో అన్నీ ఆగి, డీసీ బస్ మీద మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. మోటారుకి మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేయాలంటే డ్రైవ్ వైర్లు విప్పి వేయాలి, మర్చిపోతే డ్రైవ్ పోతుంది, దాని ఖరీదు మీ రెండు మూడు నెలల జీతం. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య కాంటాక్టర్ ఉంటే నడుస్తుండగా దాన్ని తీయకండి.

కంప్యూటర్ ఉన్నవాళ్లు కేడ్ సిము అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, గీసిన సర్క్యూట్‌ని అక్కడే నడిపి చూడొచ్చు, ఏ లైనులో కరెంటుందో రంగు మారి కనిపిస్తుంది. నాకు ఎక్కువగా పనికొచ్చింది మాత్రం నోటు పుస్తకం. ఆదివారం షట్‌డౌన్‌లో ఒక ప్యానెల్ తెరిచి, ఫెర్రూల్ నంబర్లు (వైరు చివర తొడిగిన నంబర్లు) చూసుకుంటూ వైరు వెంట వైరు పట్టుకుని ఉన్నదున్నట్టు గీసుకునేవాణ్ని, తర్వాత కంపెనీ ఇచ్చిన డ్రాయింగుతో పోల్చేవాణ్ని. మూడింట ఒకటి కలిసేది కాదు, మధ్యలో ఎవరో ఏదో లిమిట్ స్విచ్ (మిషన్ హద్దు దాటితే ఆపేది) బైపాస్ చేసి వెళ్లి ఉండేవారు. అలాంటివి ఎర్ర పెన్నుతో రాసుకోండి, రాత్రి రెండింటికి బ్రేక్‌డౌన్ వస్తే ముందు ఆ పేజీ తీయండి.